రెండు దిమాగులు, రెండు బొట్లు

మా బాపు జీవితంలో ఎవరితోనూ పోటీ పడలేదు, మా ఎదురింటి వకీల్ సాబ్‌తో తప్ప. అది పోటీ అని కూడా ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. వకీల్ సాబ్ ఫ్రిజ్ కొన్న నెలకు మాకూ ఫ్రిజ్ అవసరమైంది. ఆయన ఇంటికి ఇనుప గేటు పెట్టించాక మా చెక్క గేటుకు చెదలు పట్టాయని బాపుకు హఠాత్తుగా కనిపించింది. తొంభైల చివర్లో వకీల్ సాబ్ కారు కొన్నాడు. మూడు వారాల తరువాత అదే షోరూము నుంచి, అదే రకం కారు మా చిక్కడపల్లి సందులోకి మాకోసం వచ్చింది. రంగు మాత్రం వేరు. ఆయనది తెలుపు, మాది బూడిద రంగు. "తెలుపు జల్ది మాస్తది" అన్నాడు బాపు. తెల్లది అయిపోయిందని షోరూములో చెప్పినప్పుడు ఆయన పక్కన నేనే ఉన్నాను.

రెండు కార్లూ సందులో ఎదురెదురుగా నిలబడి ఉండేవి. చూడటానికి కవలలే. నడిపితే తేడా తెలిసేది. వకీల్ సాబ్‌ది ఉరికేది, మాది నడిచేది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా ఎవరి బండి అయినా ఒకటే, ఎందుకంటే అక్కడ ఎవరిదీ కదలదు. అసలు కష్టం శనివారం వచ్చేది. అమ్మ ప్రతి శనివారం నౌబత్ పహాడ్ మీది గుడికి పోతుంది. ఆ ఎక్కుడు రోడ్డు మీద సగం దూరం పోయేసరికి మా కారుకు ఆయాసం వచ్చేది. బాపు ముందు ఏసీ బంద్ చేసేవాడు. తరువాత రేడియో బంద్ చేసేవాడు. ఆ తరువాత మమ్మల్ని మాట్లాడవద్దనేవాడు. చివరికి అమ్మ పూల సంచీ పట్టుకుని దిగి నడిచేది, బరువు తగ్గిన కారు ఆమె వెనకాల మెల్లగా ఎక్కేది. ఒక్కో శనివారం వకీల్ సాబ్ మమ్మల్ని దాటుతూ తల బయటపెట్టేవాడు.

"అమ్మా, ఇట్ల కూసోండ్రి, పైన దింపుత."

ఆయన మంచితనంతోనే అడిగేవాడు. బాపుకు ఆ మంచితనమే మింగుడుపడేది కాదు.

కంపెనీ వర్క్‌షాపుకు రెండుసార్లు తీసుకెళ్ళాం. వాళ్ళు ఏదో యంత్రం తగిలించి చూసి, బండిలో లోపం లేదన్నారు. లోపం నడిపేవాడిలో ఉందని నోటితో అనలేదు గానీ, బాపు కళ్ళద్దాల వైపు రెండుసార్లు చూశారు. దాంతో బాపు ఆ గడప మళ్ళీ తొక్కనన్నాడు. కారును అశోక్‌నగర్‌కు, ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్ళాడు.

ఉస్తాద్‌ది పాలమూరు. తల్లిదండ్రులు తట్టలు మోసి కట్టిన ఈ పట్నంలో ఆయన పానాలు పట్టి బతికాడు. బాపు స్కూటర్‌ను ఇరవై ఏళ్ళు ఆయనే నడిపించాడు, బాపు కేవలం కిక్కు కొట్టాడు. ఉస్తాద్ పని చేసే పద్ధతి ఒకటుండేది. ఇంజన్ మీద పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో ఎవరన్నా మాట్లాడితే పచ్చి బూతులు తిట్టేవాడు. తరువాత కార్బురేటర్ మీద ఒక మరను పావు చుట్టు తిప్పేవాడు. అంతే, బండి గొంతు మారేది. నారాయణగూడ నుంచి, హైదర్‌గూడ నుంచి ఆ పావు చుట్టు కోసమే వచ్చేవాళ్ళు.

మా కారు బానెట్ ఎత్తి ఆయన చాలాసేపు చూశాడు. వంగి చూశాడు, అటు తిరిగి ఇటు తిరిగి చూశాడు.

"తిప్పుడు ఎక్కడ పెద్దసార్?"

"తిప్పేది లేదంట ఉస్తాద్. ఇంజక్షన్ బండి. ఎంత పెట్రోలు పోవాల్నో లోపల కంప్యూటర్ చెప్తదంట."

"తిప్పేది లేకుంటె మరి నేనెందుకు?"

ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. అప్పటికే ఆయన షెడ్డుకు వచ్చే కార్లు తగ్గిపోయాయి. కొత్తగా కొన్నవాళ్ళెవరూ అశోక్‌నగర్ సందుల్లోకి రావడం లేదు, కంపెనీవాళ్ళ అద్దాల వర్క్‌షాపులకు పోతున్నారు. ఆయన దగ్గర మిగిలింది ముసలి కార్లు, ముసలి సార్లు. కొత్త బండిని ఆయన చేతికి ఇచ్చిన మొదటి మనిషి మా బాపే. ఉస్తాద్ బానెట్ దించి, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తీర్మానం చెప్పాడు.

"పెద్దసార్, ఈ బండి నా చేతిల బాగు కావాలె. కాకుంటె షెడ్డు బంద్ పెట్టి, రాంనగర్‌ల మా అల్లుని సోఫా దుకాన్ల కూసుంట. చేతగాని పని పట్టుకోని వేలాడుడు నాకు నచ్చది."

బాపు కొట్టిపారేశాడు. నేను కొట్టిపారేయలేదు, ఎందుకంటే ఉస్తాద్ అన్నమాట తప్పడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకసారి స్కూటర్ మంగళవారానికి ఇస్తానని, జ్వరంతో దుప్పటి కప్పుకుని తోసుకుంటూ తెచ్చి ఇచ్చిన మనిషి ఆయన.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను అప్పట్లో నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరును. మొదటి అంతస్తులో పద్నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, చెప్పులు బయట విడవాలని ఒక బోర్డు. దుమ్ము పడితే కంప్యూటర్ పాడవుతుందని అందరూ గుళ్ళోకి వచ్చినట్టు వట్టికాళ్ళతో వచ్చేవాళ్ళు. నేను నేర్పేది ఉత్తరం టైపు చేయడం, దాన్ని ప్రింటు తీయడం. కంప్యూటర్ మూత తీసి లోపల ఏముందో నేను ఎన్నడూ చూడలేదు. చెడిపోతే కోఠి నుంచి ఒకాయన వచ్చి బాగుచేసేవాడు. ఆయన పని చేసినంతసేపు నేను కిందికి పోయి చాయ్ తాగేవాణ్ణి. అయినా చిక్కడపల్లిలో నన్ను 'కంప్యూటర్ సార్' అనేవాళ్ళు. నేను కాదనలేదు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి పట్టుకుని సార్ అంటే కాదనే గుండె నాకు లేదు.

ఉస్తాద్ ఆ కంప్యూటర్‌ను కంప్యూటర్ అనేవాడు కాదు. ఆయనకది దిమాగ్. ముందు సీటులో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర, డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. వెండిరంగు రేకు డబ్బా. దానికి జడలాగా ఒక వైర్ల కట్ట. ఉస్తాద్ దాన్ని మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు నన్ను పిలిపించాడు. షెడ్డులో నాకు స్టూలు తుడిచి వేశాడు, అంతకుముందు ఎన్నడూ వేయలేదు.

"చిన్న సార్, ఒక మాట. స్కూటర్ నడవకుంటె మేమేం చేస్తం? నడిచే స్కూటర్ కార్బురేటర్ తీసి దీనికి పెట్టి చూస్తం. గట్లనే వకీల్ సాబ్ బండి దిమాగ్ తీసి మీ దానికి పెడితె? మీ దిమాగ్ వాళ్ళ దానికి. చెయ్యొచ్చునా?"

చేయవచ్చో లేదో నాకు తెలియదు. తెలియదు అనే మాట తెలుగులో నాలుగే అక్షరాలు. "చెయ్యొచ్చు" అన్నాను. అంతటితో ఆగకుండా, "రెండూ ఒకటే మోడల్ కద, కంపాటిబుల్ అయితయి" అని కూడా అన్నాను. ఉస్తాద్ ఆ మాటను గౌరవంగా విన్నాడు.

వకీల్ సాబ్ ఒప్పుకోడేమో అనుకున్నాం. ఆయన మాకంటే ముందే సిద్ధమయ్యాడు. తన బండి పెట్రోలు బాగా తాగుతుందని, మాది పొదుపుగా నడుస్తుందని ఆయనకు చాలా రోజులుగా కడుపుమంట ఉందట. మా కారు పొదుపు కాదని, ఎక్కలేక శనివారం తప్ప మేము తిప్పడమే మానేశామని బాపు ఆయనకు చెప్పలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా సందులో అది రెండు గేట్ల దగ్గరా నిజమైంది.

దసరా సెలవులకు కోర్టు మూశారు. ఆయుధపూజ రోజు పొద్దున్నే ఉస్తాద్ పానాల పెట్టెతో వచ్చాడు. తొమ్మిది గంటలకల్లా ముగించి, షెడ్డుకు పోయి తన పూజ తను చేసుకుంటానన్నాడు. ముందు వకీల్ సాబ్ కారులోది తీశాడు. తరువాత మా కారులో దూరి మాది తీశాడు. తీసిన తరువాత కూడా చాలాసేపు లోపలే ఉన్నాడు. బయటికి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఏం చేస్తున్నవ్ ఉస్తాద్?" అన్నాను.

"ఈడ ఒక ఎర్త్ వైరున్నది సార్. బోల్టు కింద రంగు పూసిన్రు, దాని మీద చిలుం పట్టింది. గీకుతున్న."

"అది ఎందుకు ఇప్పుడు?"

"చెయ్యి ఊరుకోది సార్."

గరుకు కాగితంతో ఆ చోటును ఇత్తడి చెంబు తోమినట్టు తోమి, బోల్టు గట్టిగా బిగించి బయటికి వచ్చాడు. నాకు విసుగ్గా ఉంది. కంప్యూటర్ ఆపరేషన్ జరుగుతున్నప్పుడు చిలుము తోముకునే మనిషితో ఏం చెబుతాం?

రెండు డబ్బాలూ మా వరండాలో బల్ల మీద పెట్టాడు. అచ్చు ఒకేలా ఉన్నాయి. కలిసిపోతాయేమోనని నాకు భయం వేసింది. అమ్మ పూజ పళ్ళెం పక్కనే ఉంది. వేలితో కుంకుమ తీసి వకీల్ సాబ్ డబ్బా మీద ఒక బొట్టు పెట్టాను.

"ఉస్తాద్, బొట్టున్నది వాళ్ళది. గుర్తుంచుకో."

"బొట్టున్నది వాళ్ళది" అని ఉస్తాద్ పాఠంలా అప్పగించాడు.

ఆ రెండు డబ్బాల మీదా చిన్న అక్షరాల్లో నంబర్లున్నాయి, వేర్వేరు నంబర్లు. ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోయేది. కంప్యూటర్ సారుకు అది తట్టలేదు, కుంకుమ తట్టింది.

అమ్మ బంతిపూల దండలు ఇచ్చి కార్లకు కట్టి రమ్మంది. నేను, బాపు, ఉస్తాద్ గేటు బయటికి వెళ్ళాం. నిమ్మకాయలు పెట్టి, దండలు కట్టి పావుగంటలో తిరిగి వచ్చాం. అప్పటికి అమ్మ బల్ల మీద కొత్త తువ్వాలు పరిచి, ఉస్తాద్ పానాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చి, మధ్యలో రెండు డబ్బాలూ పెట్టి పూజ ముగించింది. ప్రతి పానాకూ ఒక బొట్టు, సుత్తికి ఒక బొట్టు. రెండు డబ్బాలకూ చెరొక బొట్టు.

నేను అమ్మను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగాను.

"రెండిటికి బొట్టు ఎందుకు పెట్టినవమ్మా?"

"మరి ఒకదానికి పెట్టి ఒకదాన్ని బోడిగ ఉంచుతరార పండుగ పూట? ఎవరు పెట్టిన్రో గాని తెలివి లేకుంట పెట్టిన్రు. రెండోదానికి నేను పెట్టిన."

"బోడిగ ఉన్నది ఏది?"

"ఏమొ. రెండు ఒకటే తీరున్నయి కద."

అమ్మను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆమె జీవితమంతా ఇంట్లో ఎవరికీ తక్కువ కాకుండా చూసుకుంది, డబ్బాలకు మాత్రం ఎందుకు తక్కువ చేస్తుంది? పైగా, పూజ అయిన పానా రేపు పొద్దుటి దాకా ముట్టడానికి లేదని కూడా చెప్పింది. ఉస్తాద్ వెంటనే ఒప్పుకున్నాడు, ఆయన షెడ్డులోనూ అదే ఆనవాయితీ. ఆ రోజంతా మా సందులో రెండు కార్లు దండలు వేసుకుని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకుని, దిమాగ్ లేకుండా నిలబడ్డాయి. చూడవచ్చిన చుట్టాలు మంచిగున్నాయని మెచ్చుకున్నారు.

దసరా పొద్దున ఉస్తాద్ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. డబ్బాల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"సార్, రెండిటికి బొట్లున్నయి. ఏది ఎవరిది?"

అప్పుడన్నా చెప్పవలసింది. బాపు ఉన్నాడు, వకీల్ సాబ్ కొత్త లాల్చీ వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను రెండు డబ్బాలనూ ఎత్తి, తిప్పి, వెనక్కి చూశాను, ఏదో చదువుతున్నట్టు.

"కుడిదిక్కుది వకీల్ సాబ్‌ది" అన్నాను.

ఉస్తాద్ కుడిదిక్కుది తీసుకుని మా కారులో దూరాడు. ఎడమదిక్కుది వకీల్ సాబ్ కారులో పెట్టాడు. రెండూ బిగించాక మా కారు స్టార్ట్ చేయమన్నాడు. బాపు తాళం తిప్పాడు. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ ఆనించి, చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. సందు సందంతా నోరు మూసుకుంది.

"గొంతు మారింది" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

అందరం అందులోనే కూర్చుని నౌబత్ పహాడ్‌కు పోయాం. ముందు బాపు, వకీల్ సాబ్. వెనక అమ్మ, నేను, ఉస్తాద్. ఎక్కుడు మొదలైంది. బాపు అలవాటుగా ఏసీ మీటకు చెయ్యి పెట్టాడు. "ఉండనియ్యిండ్రి" అన్నాడు ఉస్తాద్. కారు ఎక్కింది. అమ్మ ప్రతిసారీ దిగే మలుపు దాటింది, ఏసీతో, రేడియోతో, ఐదుగురితో ఎక్కింది. పైకి చేరాక అమ్మ చెప్పింది, దిగాలేమో అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునే కూర్చున్నానని. బాపు స్టీరింగ్ మీద రెండుసార్లు తట్టాడు. ఆయన కళ్ళు తడిశాయి, నేను చూశాను.

తిరిగి వచ్చాక వకీల్ సాబ్ కారులో అదే ఎక్కుడు ఎక్కాం. అదీ ఎప్పటిలాగే ఎక్కింది.

ఉస్తాద్ ఒక్కడే సంతోషించలేదు. సందులోకి వచ్చి దిగాక బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"చిన్న సార్, నాకొకటి సమజ్ కాలే. మీ దిమాగ్ ఖరాబుంటె, అది వకీల్ సాబ్ బండిల గూడ దగ్గాలె కద? ఆ బండి మంచిగనే ఉరికింది. నేను గా ఎర్త్ వైరు గీకిన. గందుకే బాగైందేమో?"

ఆయన చూపులో ఉన్నది ఆశ అని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకు కనిపించింది ప్రమాదం మాత్రమే. వైరు వల్ల బాగైతే, డబ్బాలు మార్చవలసిన పనే లేదు. అప్పుడు ఏది ఎవరిదో మళ్ళీ తేల్చవలసి వస్తుంది. నేను తేల్చలేను.

"వైరు గీకితె కంప్యూటర్ బాగుపడతదా ఉస్తాద్?" అని నవ్వాను. "సెట్టింగ్ కుదిరింది. కొన్ని దిమాగులకు కొన్ని బండ్లే పడతయి."

"జాతకాలు కలిసినట్టు" అన్నాడు బాపు. అందరికీ అది చక్కగా అర్థమైంది. వకీల్ సాబ్ ముందుకొచ్చి నాకు సలాం కొట్టాడు. "కంప్యూటర్ సార్, కమాల్ చేసినవ్" అన్నాడు. ఆ రోజు నుంచి తన బండి మైలేజ్ పెరిగిందని ఆయన కోర్టంతా చెప్పుకున్నాడు.

"అంటె చెయ్యితోటి పని లేదన్నట్టు" అన్నాడు ఉస్తాద్.

"ఇంక అంతే ఉస్తాద్. అన్నీ కంప్యూటరే."

ఈ మాట నేను ఎంత తేలిగ్గా అన్నానో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

సాయంత్రం ఆయన జమ్మి ఆకు తెచ్చి బాపు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. షెడ్డు ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. బాపు అదిరిపడ్డాడు.

"బండి బాగైంది కద, షెడ్డు ఎందుకు మూస్తవ్?"

"బాగైంది పెద్దసార్. నా చేతిల కాలే కద."

బాపు ఎంత చెప్పినా వినలేదు. నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని జమ్మి ఆకు నలుపుతూ నిలబడ్డాను. కుడిదిక్కుదో ఎడమదిక్కుదో, సగం సగం కద, నేను చెప్పిందే నిజమై ఉండవచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకోవడం రెండు మూడు నెలలు బాగానే పనిచేసింది.

ఆ తరువాత ఎండాకాలం వచ్చింది. కంప్యూటర్ నేర్చుకునేవాళ్ళు మెట్ల మీద కూడా నిలబడుతున్నారని మా ఇన్‌స్టిట్యూట్ ఓనర్ ఇంకో బ్రాంచి తెరవాలనుకున్నాడు. అశోక్‌నగర్‌లో ఒక జాగా దొరికిందని, నన్నే ఇన్‌చార్జిని చేస్తానని చెప్పి, చూపించడానికి తీసుకెళ్ళాడు. అది ఉస్తాద్ షెడ్డు. సిమెంటు రేకుల కింద ప్లైవుడ్ కొట్టించి, గోడలకు లేత నీలం రంగు వేయించి, కింద చాప పరిపించాడు. నూనె మరకలు మూడుసార్లు కడిగించినా పోలేదు, అందుకే చాప. ఏసీ వేసినప్పుడల్లా గదిలో పెట్రోలు వాసన లేచేది. పిల్లలు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వట్టికాళ్ళతో వచ్చి ఆ మరకల మీద కూర్చునేవాళ్ళు. నా కుర్చీ ఆయన స్టూలు ఉండే చోటే పడింది. నేను కావాలని వేయించలేదు. ఇంకెక్కడా ప్లగ్ పాయింట్ లేదు.

ఆ వానాకాలం అశోక్‌నగర్ నాలా పొంగి నీళ్ళు మా సందు దాకా వచ్చాయి. కారులో అడుగున నీళ్ళు చేరాయి. బాపు తన పట్టుదల మరిచిపోలేదు గనక, కంపెనీ వర్క్‌షాపుకు నన్ను పంపాడు. అక్కడి ఇంజనీరు దిమాగ్ బయటికి తీసి ఆరబెట్టి, కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి, డబ్బా మీది నంబరుతో పోల్చి చూశాడు. దాని మీద కుంకుమ ఇంకా కొంచెం అంటుకునే ఉంది.

"దీన్ని ఎన్నడన్నా మార్చిన్రా?" అన్నాడు.

"మార్చినం. పోయిన దసరాకు."

ఆయన పుస్తకం నా వైపు తిప్పాడు. "లేదు సార్. బండితోటి వచ్చింది ఇదే."

నేను నంబరు చదివాను. మళ్ళీ చదివాను. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాను. మా దిమాగ్ మా కారులోనే ఉంది. కాబట్టి వకీల్ సాబ్‌ది ఆయన కారులోనే ఉంది. ఆ రోజు మేము ఏమీ మార్చలేదు. తీసిన డబ్బాలను తీసిన చోటే పెట్టి, నౌబత్ పహాడ్ ఎక్కాం. మా కారులో ఆ రోజు జరిగిన పని ఒక్కటే, చెయ్యి ఊరుకోక ఉస్తాద్ తోమిన ఆ చిలుము. ఇంజనీరు చాయ్ తాగుతారా అని అడిగాడు, వద్దన్నాను.

రాంనగర్‌కు పోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నడిచిపోతే అరగంట దూరం.

సోఫా దుకాణం మార్కెట్ వెనక ఉంది. ఉస్తాద్ నేల మీద రెక్సిన్ పరిచి, సుద్దముక్కతో గీత గీసి కత్తిరిస్తున్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆయన చేతులు ఆ రంగులో ఉంటాయని నాకు తెలియదు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. కూర్చోమన్నాడు, అది కూడా వద్దన్నాను.

నిలబడే చెప్పాను. నంబర్ల సంగతి చెప్పాను. వకీల్ సాబ్‌ది వకీల్ సాబ్ బండిలోనే ఉందని చెప్పాను. బొట్టు సంగతి, కుడిదిక్కు సంగతి చెప్పలేదు. 'ఎట్లనో కలిసిపోయినయి' అన్నాను.

ఉస్తాద్ కత్తెర ఆపాడు.

"అంటె ఏం మార్చలే."

"ఏం మార్చలే."

"మరి బండి ఎట్ల బాగైంది?"

"నువ్వు గీకిన వైరు ఉస్తాద్. అదొక్కటే."

"నా చేతిల బాగైందా?"

"నీ చేతిలనే."

ఆయన కత్తెరను మెల్లగా రెక్సిన్ మీద పెట్టాడు. అరచేతులు తిప్పి చూసుకుంటాడేమో, ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన దుకాణం లోపలికి తిరిగి గట్టిగా పిలిచాడు.

"అల్లుడా! ఇట్ల రా. ఆ సుత్తె ఆడ పెట్టి రా."

నోట్లో మేకులు పట్టుకున్న ఒక మనిషి బయటికి వచ్చాడు. ఉస్తాద్ అతన్ని తన పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఈ సారు కంప్యూటర్ సారు. వైరు సంగతి నేను చెప్తె నమ్మకపోతివి కద, విను. సార్, మల్లొకపారి చెప్పున్రి. మొదటికెల్లి చెప్పున్రి."

నేను మొదటి నుంచి చెప్పాను. ఈసారి కుంకుమ చెప్పాను, అమ్మ పెట్టిన రెండో బొట్టు చెప్పాను, ఏది ఎవరిదో తెలియకుండానే కుడిదిక్కుది అన్నానని చెప్పాను. వైరు వల్లనేమో అని ఆయన అడిగినప్పుడు అందరి ముందూ నవ్వానని చెప్పాను. అల్లుడు నోట్లోంచి మేకులు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గా దినమే చెప్తె అయిపోవు కద సార్" అన్నాడు.

ఉస్తాద్ కత్తెర అందుకుని, సుద్ద గీత ఎక్కడ ఆగిందో వెతుక్కున్నాడు.

"అమ్మగారిని ఏమనకుండ్రి. బొట్టు రెండిటికి పెట్టాలె" అన్నాడు తల ఎత్తకుండానే. తరువాత అల్లుడితో, "చాయ్ చెప్పు. సారు ఎప్పటిసంది నిలబడే ఉన్నడు" అన్నాడు.